అరగ్లాసు టిన్ను నీళ్లు

జగ్గయ్యపేటలో మా బోరు నీళ్లతో పప్పు ఉడకదు, నురగ రాదు. పప్పు సంగతి ఎప్పుడో తేలిపోయింది, వంటకి టిన్ను నీళ్లే. గడ్డం దగ్గరే ఇన్నేళ్లూ మొండికేశాను. సబ్బు మార్చాను, బ్రష్ మార్చాను. రెండు నిమిషాలు తిప్పితే పెరుగు విరిగినట్టు ఏదో తెట్టు, చెంప మీద ఇట్టే ఆరిపోయేది.

మొన్న నందిగామలో గడ్డం చేయించుకుంటుంటే చూశాను. సెలూనాయన మగ్గులో పోసింది మినరల్ వాటరు! అడిగితే, "బోరు నీళ్లయితే సబ్బు సగం నీళ్లకే పోద్దండీ" అన్నాడు.

నిజమే. మనది సున్నపురాయి నేల. 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ తవ్వించిన ఇక్కడి బౌద్ధ స్తూపం మీద చెక్కిన బొమ్మలూ సున్నపురాతివే, ఇప్పుడు చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలూ ఆ రాయి కోసం వచ్చినవే. ఆ కాల్షియమే బోరులోకీ దిగుతుంది. సబ్బు ముందు దానితో కలిసి తెట్టు కడుతుంది, మిగిలితేనే నురగ. టిన్ను నీళ్లు పట్టే ఆర్వో మిషను ఆ కాల్షియాన్ని చాలావరకు తీసేస్తుంది. కాచినా కొంత తగ్గుతుంది, గిన్నె అడుగున పట్టే తెల్ల పెచ్చు అదే. కానీ పొద్దున్నే అంత ఓపికెవరికి?

ఇవాళ అరగ్లాసు టిన్ను నీళ్లు తీసుకున్నాను. మీగడలాంటి నురగ! అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు.

"తాగే నీళ్లతో గడ్డమేంటండీ, చోద్యం కాకపోతే!" అంది మా ఆవిడ. కడుక్కోవడానికి మాత్రం బోరు నీళ్లే అని ఒప్పందం కుదిరింది.