మంగళవారం బెంచీ

తుంగభద్ర ఎడమ కాలువ దాటాక, ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని కనిపిస్తే అక్కడ తెలుగు వినబడుతుందని లెక్క. 1953లో డ్యామ్‌ పూర్తయ్యాక కోస్తా రైతులు తమ ఊళ్ళో పొలాలు అమ్ముకొచ్చి ఇక్కడ కొనుక్కున్న చేలివి. అలాంటి ఒక క్యాంపులో ఉండే మా పిన్నికి తోడుగా సింధనూరు తాలూకా ఆసుపత్రికి వెళ్ళాను. కర్ణాటకలో తాలూకా ఆసుపత్రుల్లో మంగళవారాలు మానసిక వైద్యులు చూసే ఏర్పాటు ఉంది, ‘మనోచైతన్య’ అంటారు.

బెంచీ మీద పక్కనున్నామె ‘ఏం జబ్బు’ అనడిగితే పిన్ని ‘ఒళ్ళు నొప్పులు’ అంది. ఆమెదీ అదేనట. బాబాయి పోయి రెండేళ్ళు. అప్పట్నుంచి పిన్నికి నిద్ర లేదు, తిండి సయించదు, చేను మొహం చూడలేదు. బలానికని సూదులు మాత్రం వేయించుకుంటూనే ఉంది.

డాక్టరు కన్నడాయన. ‘నిద్దె బరుత్తా?’ అని మొదలెట్టి, పిన్ని మొహం చూసి తెలుగులోకి దిగాడు. నొప్పులు ఉత్తి భ్రమ అంటాడేమోనని నా భయం. అనలేదు.

‘జ్వరమొస్తే ముడుచుకు పడుకుంటారు కదమ్మా, ఎవరూ పలకరించొద్దనిపిస్తుంది, అన్నం చేదు. అది ఒంట్లో కాపలావాడు మెదడుకేసే కేక. దిగులు జబ్బులో కొందరికి దొంగ రాకపోయినా వాడు కేకలేస్తూనే ఉంటాడు.’

ఆ కేకలు రోగనిరోధక కణాలు వదిలే రసాయనాలు, వాటికి పేర్లున్నాయి: ఇంటర్‌ల్యూకిన్‌-6, టీఎన్‌ఎఫ్‌. డిప్రెషన్‌ ఉన్నవాళ్ళలో దాదాపు నాలుగోవంతు మందికి ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తంలో లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటుతుంది. హెపటైటిస్‌-సికి, అలాంటి కేకే అయిన ఇంటర్‌ఫెరాన్‌ సూదులు వేయించుకున్నవాళ్ళలో చాలామంది ఆ మందు వల్లే కుంగిపోయారు. విచిత్రమేమంటే, డిప్రెషన్‌లో కేకలు పెరిగినా వైరస్‌ సోకిన కణాలను చంపే ఎన్‌కే కణాల చురుకు తగ్గుతుంది. గొంతు పెద్దది, కర్ర చిన్నది.

అలాగని వాపు తగ్గించే మందు అందరికీ ఇచ్చేస్తే సరిపోదు. 2013లో అమెరికాలో 60 మంది డిప్రెషన్‌ రోగులతో, టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను పరీక్షిస్తే, మొత్తమ్మీద ఉత్తుత్తి మందు కంటే మెరుగనిపించలేదు. మొదట్లోనే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవాళ్ళకే కాస్త మేలు కనిపించింది. ఒళ్ళు లావైనా, పొగ తాగినా సీఆర్‌పీ పెరుగుతుంది. కాబట్టి రక్తం తీసి దిగులు తేల్చే పరీక్ష లేదు. డాక్టరు మాత్రలు రాశాడు, నెలకోసారి రమ్మన్నాడు.

బస్సులో పిన్ని చీటీ నాలుగుసార్లు విప్పి చూసుకుంది.

‘సూది రాయలేదేంట్రా?’

‘అక్కర్లేదన్నాడు పిన్నీ.’

క్యాంపు వచ్చేదాకా మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, ‘నొప్పులు నిజమేనన్నాడు, విన్నావుగా’ అంది.