పెద్దమనిషి కావటం

మన భాషలో "పెద్దమనిషి" అనే మాటకు రెండు వాడుకలున్నాయి. నలుగురిలో పరువుగా బతికే మగవాణ్ణి పెద్దమనిషి అంటాం. ఈడేరిన ఆడపిల్లను పెద్దమనిషి అయిందంటాం. మొదటిదానికి ఆస్తి, చదువు, ఇస్త్రీ బట్టలు కావాలి. రెండవది ఎవరు వద్దన్నా ఆగదు. చార్లెస్ డికెన్స్ నవల "గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్"ను గురించి రాయబోతూ ఈ మాట ఎత్తుకోవటానికి కారణం ఉంది. ఒక కుర్రవాడు పెద్దమనిషి కావటమే ఆ నవలలోని కథ. అది నాకు సరిగా బోధపడింది మా ఇంట్లో మా అక్కా, నేనూ పెద్దమనుషులమైన తీరును తలుచుకున్నప్పుడే.

1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు ఈ నవల డికెన్స్ నడిపిన వారపత్రికలో వెలువడింది. పిప్ అనే అనాథను అతని అక్కా, కమ్మరిపని చేసే బావ జో పెంచుతారు. బావ దగ్గరే కమ్మరం నేర్చుకోవలసిన ఆ పిల్లవాడు మిస్ హావిషామ్ అనే ధనికురాలి ఇంటికి వెళతాడు. అక్కడ ఎస్టెల్లా అనే పిల్ల అతని మొరటు చేతుల్ని చూసి ఎగతాళి చేస్తుంది. తన చేతులు మొరటువన్న సంగతి అంతవరకు వాడికి తెలియదు. తర్వాత పేరు చెప్పని దాత ఎవరో డబ్బు ఇవ్వగా లండను వెళ్లి పెద్దమనిషి అవుతాడు. ఆనాటి ఇంగ్లీషు వాడుకలో "ఎక్స్‌పెక్టేషన్స్" అంటే ఉత్త ఆశలు కావు; ముందుముందు చేతికి రాబోయే ఆస్తి.

2005లో, డిగ్రీ మొదటి సంవత్సరంలో, ఈ నవల సంక్షిప్త ప్రతి మాకు ఇంగ్లీషు ఉపవాచకం. మాది తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల కుప్పం. ఆ సరస్సును మావాళ్లు ప్రళయకావేరి అంటారు. నవల మొదటి పేజీల్లోనే బురదనేలలూ, సముద్రం మీదినుంచి వచ్చే ఈదరగాలీ ఉన్నాయి. ఆ వచ్చీరాని ఇంగ్లీషులోనే అది మా ఉప్పుపర్రలాంటి చోటని గుర్తుపట్టాను. అంతకుమించి గుర్తుపట్టవలసినదాన్ని మాత్రం గుర్తుపట్టలేదు.

ఆ ఏడే బావ నెల్లూరులో హాస్టలుకు వచ్చాడు. తెల్లవారుజామున తడలో రైలెక్కి, అక్క కట్టిచ్చిన ఎండురొయ్యల పొట్లం తెచ్చాడు. గదిలో మరో ముగ్గురున్నారు. రొయ్యల వాసన గదంతా నిండింది. ఎవరని వాళ్లడిగారు. "మా ఊరాయన" అన్నాను. బావ విన్నాడు. ఇంట్లో నన్ను "రేయ్ అబ్బయ్యా" అని తప్ప పిలిచి ఎరగని మనిషి, పొట్లం మంచం మీద పెట్టి, "మీ అక్కగారు ఇచ్చి రమ్మన్నారండీ" అన్నాడు. నా అబద్ధాన్ని నాకోసం తానే నిలబెట్టాడు. మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు.

నవలలో జో కూడా మరిదిని చూడటానికి లండను వస్తాడు. ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకే మాట గనుక, జో నోట డికెన్స్ "సర్" అనిపించవలసి వచ్చింది. మనకు ఆ అవసరం లేదు. ఒక్క "అండీ" చాలు, ఇద్దరు మనుషుల మధ్య గోడ లేవటానికి. జో వెళ్లాక పిప్ వీధిలోకి పరుగెత్తి వెతుకుతాడు. నేను పరుగెత్తలేదు. పొట్లాన్ని పెట్టె అడుగున దాచి, కిటికీ తెరిచాను.

తర్వాత చాలా ఏళ్లకు పూర్తి నవల చదివినప్పుడు నాకు తట్టిన ప్రశ్న ఇది: పిప్‌కు దేన్ని చూసి అసహ్యం? దాత మిస్ హావిషామ్ అనుకున్నంతకాలం అతను గర్వపడ్డాడు. ఆమె సొత్తు తండ్రి బీరు కార్ఖానా నుంచి వచ్చింది. ఆమె కష్టపడి సంపాదించినది కాదు. అసలు దాత మాగ్విచ్ అనే ఖైదీ. చిన్నప్పుడు తాను బురదనేలల్లో తిండి తెచ్చిపెట్టినవాడే. ఆ సంగతి తెలిసినప్పుడు పిప్ వణికిపోతాడు. కాని మాగ్విచ్ పంపినది దొంగసొమ్ము కాదు. ద్వీపాంతరశిక్ష పడి ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడ గొర్రెలు పెంచి గడించిన డబ్బు. కాబట్టి పిప్ అసహ్యం నేరం మీద మాత్రమే కాదు, ఆ చేతుల మీద, ఆ తిండి తినే తీరు మీద. పెద్దమనిషి తరగతి మరొకరి చెమట మీదనే బతుకుతుంది. ఆ చెమట వాసన గదిలోకి రానంతకాలం దానికి ఏ అభ్యంతరమూ ఉండదు. ఈ రహస్యాన్ని బట్టబయలు చేయటమే డికెన్స్ గొప్పతనం.

ఇంతవరకు చెప్పి పాఠం ముగించటం నాకు అలవాటు. తెలుగు నవల పుట్టుక చెప్పేటప్పుడు ఇంగ్లీషు నవల ఊసు రాక తప్పదు గనుక ఏటా ఈ కథ చెబుతాను. ఒక ఏడు వెనకబెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది: "సార్, బావ అంత మంచివాడు గదా, అక్క ఎందుకంత గయ్యాళి?"

నాకు జవాబు తోచలేదు. ఇంటికి వెళ్లి మళ్లీ చదివాను. తల్లిదండ్రులూ, అయిదుగురు సోదరులూ పోగా మిగిలిన ఆ పసివాణ్ణి పెంచినది ఆవిడే. అందరూ ఆమెను మిసెస్ జో అంటారు. ఏప్రన్ విప్పే తీరికే లేదని ఆమె సణిగితే నవల దాన్ని హాస్యంగా చూపుతుంది. తలమీద దెబ్బ తగిలి మాట పడిపోయి, కొన్నాళ్లకు చచ్చిపోతుంది. పిప్‌కు అక్షరాలు దిద్దించటంలో తోడ్పడిన బిడ్డీని కూడా, పెద్దమనిషి అయ్యాక, పిప్ చిన్నచూపు చూస్తాడు. డికెన్స్ జో చేతులను గౌరవించినట్టు మిసెస్ జో చేతులను గౌరవించలేదు.

నేనూ అంతే. ఇన్నేళ్లూ బావను తలుచుకునే సిగ్గుపడ్డాను. ఆ పొట్లం కట్టిన మనిషి జ్ఞాపకం రాలేదు.

నాన్న పోయిన మరుసటి ఏడు, 1996లో, అక్క పెద్దమనిషి అయింది. అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతోంది. చాపమీద కూర్చోబెట్టి చిమ్మిలి పెట్టారు. ఇరుగుపొరుగు పాటలు పాడారు. ఆ తర్వాత అక్క బడికి పోలేదు. రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోయింది. ఐసులో నానిన రొయ్యలు ఒలిచీ ఒలిచీ వేళ్లు పగిలేవి. రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకునేది. ఆ కూలితో నా పుస్తకాలు వచ్చేవి. ఒకే ఇంట్లో అక్క పెద్దమనిషి కావటం చదువుకు ముగింపు. నేను పెద్దమనిషిని కావటానికి చదువే దారి. ఆమె ముగింపే నా దారికి పెట్టుబడి.

డికెన్స్ జీవితంలో ఇది తలకిందులుగా జరిగింది. 1824లో తండ్రి అప్పులకు జైలుపాలు కాగా, పన్నెండేళ్ల డికెన్స్ బూట్లపాలిష్ కార్ఖానాలో సీసాలకు కాగితాలు అంటించాడు. అప్పుడు అక్క ఫానీ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో సంగీతం చదువుకుంటోంది. ఆ గాయం ఆయనకు జన్మాంతం మానలేదు. కార్ఖానా సంగతి బతికుండగా లోకానికి చెప్పలేదు. 1870లో ఆయన పోయాక, మిత్రుడు ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్రతో అది బయటపడింది. పన్నెండేళ్ల మగపిల్లవాడి చదువు ఆగటం ఒక మహారచయితను తయారుచేసిన అన్యాయంగా చరిత్రకెక్కింది. పదమూడేళ్ల ఆడపిల్ల చదువు ఆగటం మా కుప్పంలో పందిరి వేసి జరిపిన శుభకార్యం.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అక్కను అడిగాను, బడి మానేసినందుకు బాధపడ్డావా అని. చేపలు తోముతూ తలెత్తకుండా చెప్పింది: "నాకు లెక్కలు బాగా వచ్చేవి గదరా. నీకేమో ఎక్కాలు నేనే నేర్పించింది."

అది నేను మరిచిపోయాను. నా బిడ్డీ కూడా అక్కే.

అక్క కూతురు నాలుగేళ్ల కిందట పెద్దమనిషి అయింది. పందిరీ వేశారు, చిమ్మిలీ పెట్టారు. పదకొండో రోజు స్నానం చేయించి, పన్నెండో రోజు అక్క స్వయంగా వెంటపెట్టుకుని బడికి తీసుకువెళ్లింది. ఇప్పుడా పిల్ల ఇంటరు చదువుతోంది. ఫీజు నేను కడతానన్నాను. "సగం కట్టు, సగం మేం కడతాం" అన్నది అక్క. ఆ లెక్క ఆమె సరిగానే వేసింది.