రెండో బ్యాటరీ, బాబాయి తెలుగు

మా వ్యానులో రెండో బ్యాటరీ పెట్టడానికి కారణం అమ్మ ఇన్సులిన్. అమ్మకి స్కాట్లాండ్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. తెరవని ఇన్సులిన్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డ కట్టకూడదు. అంటే రాత్రంతా చిన్న ఫ్రిజ్ నడవాలి. దాన్ని బండి బ్యాటరీ మీదే నడిపితే తెల్లారేసరికి బండి స్టార్ట్ కాకపోవచ్చు.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు బండ్లకి వైరింగు చేశాడు. ఆయనకి ఇంగ్లీషు అంతగా రాదు. ఇంగ్లండ్‌లో పుట్టిన నాకు వంటింటి తెలుగు వచ్చు, గ్యారేజీ తెలుగు రాదు. అందుకని ఐదు ఆదివారాలు వీడియో కాల్‌లో ఆయన దగ్గర రెండూ నేర్చుకున్నాను: వైరింగూ, దాని తెలుగూ. పుస్తకాల్లో తీగ, ధన ధ్రువం, రుణ ధ్రువం అని ఉంటుంది. ఆటోనగర్‌లో వైరు, ప్లస్సు, మైనస్సు. "తీగ అంటే నాకు మల్లెతీగే గుర్తొస్తుందమ్మా" అన్నాడు బాబాయి.

"పెద్ద బ్యాటరీ ఒకటే పెడితే చాలదా బాబాయ్?" అని అడిగాను.

"చాలదు తల్లీ. స్టార్టరు బ్యాటరీ పరుగు పందెం వాడి లాంటిది. రెండోది తిరుమల కొండ నడిచి ఎక్కేవాడి లాంటిది. ఒకడి పని ఇంకోడికి చెప్పకూడదు."

నిజమే. స్టార్టరు బ్యాటరీ కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇస్తుంది. దాన్ని మాటిమాటికీ పూర్తిగా దించేస్తే త్వరగా పాడైపోతుంది. రెండోది నెమ్మదిగా, గంటల తరబడి ఇవ్వడానికి చేసింది. మాది 100 ఆంపియర్ అవర్ల ఏజీఎం బ్యాటరీ. ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి, అంటే 50. మా ఫ్రిజ్ మోటారు తిరిగేటప్పుడు సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. మూడోవంతు సమయమే తిరుగుతుంది కాబట్టి రోజుకి 32 దాకా అవుతుంది. ఒక రాత్రికి ధైర్యంగా సరిపోతుంది.

మరి రెండోది ఛార్జ్ అయ్యేదెలా? పాత బండ్లలో రెండు బ్యాటరీల మధ్య ఒక రిలే పెడితే సరిపోయేది. మాది 2017 ఫోర్డ్ ట్రాన్సిట్. ఇలాంటి కొత్త బండ్లలో డీజిల్ ఆదా కోసం ఆల్టర్నేటరు వోల్టేజీని తానే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. రిలే ఒక్కటే ఉంటే రెండో బ్యాటరీ సరిగ్గా నిండదు. అందుకని మధ్యలో 30 ఆంపియర్ల డీసీ ఛార్జరు పెట్టాం.

ఇక అసలు సంగతి. 12 వోల్టులకి షాక్ కొట్టదు కదా, భయమెందుకు అనుకుంటాం. బాబాయి మాట వినండి: "షాక్ కొట్టదమ్మా, కాలుస్తుంది." ప్లస్ వైరు బండి ఇనుముకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా తోసేస్తుంది. వైరు ఎర్రగా కాలుతుంది. మేము పడుకునేది ఆ వైరు పక్కనే.

అందుకే ఫ్యూజు. ఫ్యూజు ఫ్రిజ్‌ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. ముందుగా అది కాపాడేది వైరుని. రెండు బ్యాటరీల మధ్య నడిచే వైరుకి రెండు వైపుల నుంచీ కరెంటు రాగలదు. కాబట్టి ప్రతి బ్యాటరీకీ ఆనుకుని, ప్లస్ మీద ఒక్కో ఫ్యూజు ఉండాలి. మేము 60 ఆంపియర్లవి పెట్టాం. వైరు 16 చదరపు మిల్లీమీటర్లది, ఫ్యూజు పోయేలోపు తాను కాలనంత లావు. సన్నది వేస్తే దారిలోనే వోల్టేజీ తగ్గిపోతుంది కూడా.

ట్రాన్సిట్‌లో బండి బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉంటుంది. అక్కడి ఇనుప రంధ్రంలోంచి వైరు వెనక్కి వెళ్ళాలి. "రబ్బరు రింగు వెయ్యి. లేకపోతే ఒరుసుకుంటుంది" అన్నాడు బాబాయి. ఒరుసుకోవడం! రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకుని అరిగిపోవడం. ఆ ఐదు వారాల్లో నాకు బాగా నచ్చిన మాట ఇదే. బండి కుదుపులకి వైరు మీది ప్లాస్టిక్ అలా అరిగిపోయి, లోపలి రాగి ఇనుముకి తగులుతుంది.

ఇంకో నియమం: ఊడదీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ బండి బాడీకి కలిసి ఉంటుంది. అది ఉండగా ప్లస్ బోల్టు తిప్పితే, పానా బాడీకి తగిలిన క్షణంలో నిప్పులు లేస్తాయి. ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టమని కూడా చెప్పాడు. బ్యాటరీని పట్టీతో నేలకి బిగించాం, గాలి ఆడేలా చోటు వదిలాం. చివరికి ఇక్కడి ఆటో ఎలక్ట్రీషియన్‌కి అంతా చూపించాకే అమ్మని ఎక్కించుకున్నాం.

స్కై దీవికి వెళ్ళి వచ్చాం. ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటలేదు. అమ్మ రెండు రాత్రులు హాయిగా నిద్రపోయింది.

ఇప్పటికీ బాబాయి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న ఒకటే: "బోల్టులు వేడెక్కుతున్నాయా?" వదులైన బోల్టు ముందుగా వేడెక్కుతుంది, అందుకే దూరం నడిపాక చెయ్యి దగ్గర పెట్టి చూస్తాను.

"చల్లగానే ఉన్నాయి బాబాయ్."

"అయితే మీరూ చల్లగా ఉండండి తల్లీ."