చీర అంచున నిలిచిన కళ

వస్త్రములకు క్రొత్త సొంపులు కూర్చు శిల్పులనగనే మనవారికి పారిస్, న్యూయార్కు నగరములు జ్ఞప్తికి వచ్చును. అచట ఋతువు మారినంతనే తీరు మారును. నిన్నటి ఉడుపు నేడు మూలపడును. పాతదానిని వెదకి తెచ్చి, దానికే నిలుకడ కల్పించినవారు మన చెన్నపురియందే యుండిరి. వారు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. నాట్యమునకు వారొనర్చిన సేవ లోకవిదితము. నేతకు చేసిన సేవను గూర్చి రెండు మాటలు విన్నవింతుము.

వారు 1904 ఫిబ్రవరి 29న మధురలో జన్మించిరి. 1920లో దివ్యజ్ఞానసమాజమునకు చెందిన జార్జి అరండేల్ దొరను వివాహమాడిరి. రష్యా నర్తకి అన్నా పావ్లోవా పరిచయమున వారి మనస్సు నాట్యముపై లగ్నమయ్యెను. 1935లో అడయారున నర్తించిరి. దేవాలయ శిల్పములను పరిశీలించి, మదాం కజాన్ అను ఇటలీ వనిత సాయమున నాట్యమునకు దుస్తులు కుట్టించిరి. నేడు అరంగేట్రములలో మన పిల్లలు ధరించు కుచ్చిళ్ల దుస్తులకు ఆ మార్పులే దారి చూపినవి.

1936లో కళాక్షేత్రమును స్థాపించి, మరుసటి యేడే నేతశాల నెలకొల్పిరి. నాట్యమునకు తగిన ఉడుపులను తామే నేయించుకొనుట అందలి ఉద్దేశము. వెడల్పయిన అంచులు, గళ్లు, చీర యొక రంగు అంచొక రంగు: ఇట్టి పాత తీరులు మరల మగ్గమెక్కినవి. 1978లో కమలాదేవి చటోపాధ్యాయగారి తోడ్పాటున కలంకారీ శాఖయు వెలసెను. కలంకారీ మన శ్రీకాళహస్తి సొమ్మే గదా!

మనకు మరియొక ఋణము కలదు. తంజావూరు సీమలోని మెలట్టూరున వేంకటరామశాస్త్రిగారు భాగవతమేళ నాటకములను తెలుగుననే రచించిరి. అందు ఉషాపరిణయమును రుక్మిణీదేవిగారు 1959లో కళాక్షేత్రమున ప్రదర్శింపజేసిరి. ఆమె 1986 ఫిబ్రవరి 24న దివంగతులైరి. పిమ్మట పార్లమెంటు చట్టము ద్వారా కళాక్షేత్రము జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యైనది.

మేము గుమాస్తా కొలువు చేసి విశ్రాంతి గొన్నవారము. 2006లో మా అమ్మాయి పెండ్లికి, ఒక చేనేత పట్టుచీర వెలకు మరమగ్గపు చీరలు మూడు వచ్చునని అంగడివారు చెప్పిరి. మా శ్రీమతి వెడల్పంచు చేనేత చీరనే కోరెను. నెల జీతములో హెచ్చుభాగము దానికే చెల్లినది. నిరుడు దసరాకు మా మనుమరాలు ఆ చీరనే కట్టుకొన్నది. అంచు వన్నె తరుగలేదు. చీర కట్టు వచ్చిన ఆ పిల్లకు తెలుగు అక్షరములు మాత్రము రావు!

తరతరములుగా ఇచట స్థిరపడిన మన కుటుంబములలో ఇది ఒక్క మా యింటి మాట కాదు. తెలుగు ఇంటిభాష కానివారు తెలుగు నాటకమును ఆదరించి రంగమెక్కించగా, మనము మన భాషను పెట్టెలో మడిచి యుంచుట తగునా? ఈ యేడు ప్రతి ఆదివారము గంటసేపు మా మనుమరాలిచే అక్షరములు దిద్దించుచున్నాము. ఉషాపరిణయములోని దరువులను ఆమె తానై చదువుకొను నాడు మాకు తృప్తి. సోదర కుటుంబములవారును యోచింతురు గాక.