జవాబు చెప్పిండా, లేదా?

కరీంనగర్ టవర్ సర్కిల్ పక్క గల్లీల్లో, కోర్టు చౌరస్తాలో, మంచిర్యాల ఐబీ చౌరస్తాలో, గోదావరిఖని చౌరస్తాలో ఒకప్పటి చాయ్ హోటల్ అంటే గోడకు ఎత్తున కొట్టిన చెక్క పలక, దాని మీద డబ్బా టీవీ. రిమోట్ సేటు గల్లాపెట్టెలో ఉండేది. ఎవరికి తోచిన ఛానల్ వాళ్లు పెట్టుకునే వీలు లేదు. 2009 చలికాలం నుంచి 2014 ఎండాకాలం దాకా ఆ టీవీల్లో రాత్రిపూట ఎక్కువగా నడిచింది సినిమా కాదు, క్రికెట్ కాదు, చర్చ. తెర నాలుగు గడులుగానో ఆరు గడులుగానో చీలేది. ఒక్కో గడిలో ఒక్కో పార్టీ మనిషి, నడుమ యాంకర్. కింద బెంచీల మీద హాఫ్ చాయ్ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఊరికే చూడడానికి వచ్చినవాళ్లు కారు, తీర్పు చెప్పడానికి వచ్చినవాళ్లు. తెల్లారి బస్టాండులోనో కూరగాయల మార్కెట్లోనో ఎదురుపడితే మొదటి మాట "నిన్న రాత్రి ఎవలు గెలిచిండ్రు?" అన్నదే.

ఆ హోటళ్లు కొన్ని మొబైల్ షాపులయ్యాయి. మిగిలినవాటిలో టీవీ ఉంటే పాటలు పెడుతున్నారు. ఆ తీర్పరుల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

2009 నవంబర్ 29న కేసీఆర్ నిరాహార దీక్ష కోసం కరీంనగర్ నుంచి సిద్దిపేటకు బయలుదేరితే, అలుగునూరు దగ్గర పోలీసులు అరెస్టు చేశారు. డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు మీద కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చింది. అదే నెల 23న దాన్ని నీరుగార్చిన రెండో ప్రకటన వచ్చింది. అక్కడినుంచి తెలంగాణ సంగతి రోడ్ల మీద ఎంత నడిచిందో స్టూడియోల్లోనూ అంత నడిచింది. టీవీ9, ఈటీవీ2, ఎన్టీవీ అప్పటికే ఉన్నాయి. హెచ్ఎంటీవీ, సాక్షి, ఏబీఎన్ ఆ ఏడాదే వచ్చాయి. 2011లో టీ న్యూస్, 2012లో వీ6 తోడయ్యాయి.

మా దిక్కు జనానికి ఉపన్యాసం కొత్త కాదు. 2001 మే 17న ఎస్సారార్ కాలేజీ మైదానంలో టీఆర్ఎస్ సింహగర్జన సభ విన్న ఊరు ఇది. 2006 ఉప ఎన్నికలో కేసీఆర్‌కు రెండు లక్షల పైచిలుకు మెజారిటీ ఇచ్చిన నియోజకవర్గం ఇది. పల్లెల్లో చిరుతల రామాయణం ఆడితే రావణుడి వేషం కట్టినవాడు పాట ఎక్కడ తప్పాడో, అడుగు ఎక్కడ తప్పాడో చెప్పగల ముసలివాళ్లు ముందు వరుసలో కూర్చునేవాళ్లు. అయితే సభలో మాట్లాడేవాణ్ని ఎవరూ తిరిగి అడగరు. టీవీలో మాత్రం పక్క గడిలోనే అడిగేవాడు ఉన్నాడు. ప్రశ్న మీద పడ్డప్పుడు నాయకుడు ఎట్లా నిలబడతాడో రోజూ చూడడం మాకు అదే మొదలు.

మా హోటల్‌కు ఒక రిటైర్డ్ లెక్కల సారు వచ్చేవారు. చేతిలో పొడుగాటి బైండు పుస్తకం, దాంట్లో స్కేలు పెట్టి గీసిన గీతలు. నాయకుడి పేరు, ఆ పక్కన 'అడిగింది', ఆ పక్కన 'చెప్పింది', చివర 'కాగితం'. గట్టిగా అరిచినందుకు ఆయన పుస్తకంలో చోటు లేదు. కాగితం అంటే ఆధారం. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ నిబంధనలు, 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, గిర్‌గ్లానీ కమిషన్, రాజ్యాంగంలోని మూడో అధికరణం, ఇవన్నీ నోటికి రాకుండా ఆ రోజుల్లో ఎవరూ స్టూడియో మెట్లెక్కకూడదని సారు నమ్మకం. 610 జీవో వచ్చింది 1985 డిసెంబర్ 30న. రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణలో ఉద్యోగాల్లో చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31 లోగా వెనక్కి పంపాలన్నది దాని సారం. ఒక రాత్రి మన పక్షాన కూర్చున్నాయనే ఆ జీవోను ఆరు సూత్రాల కాలంలో కలిపి మాట్లాడాడు. సారు పెన్ను ఆగింది.

"మనోడే గదా సారూ, ఇడిసిపెట్టు" అన్నాడు బెంచీ చివర నుంచి ఆటో డ్రైవరు.

"మనోడైతేనే ఇడువద్దు. రేపు వాళ్లు పట్టుకుంటరు" అని సారు సున్నా చుట్టారు.

అటు సమైక్యాంధ్ర పక్షంలో ఉండవల్లి అరుణ్ కుమార్ కాగితాలు ముందేసుకుని పేరా పేరా చదివి వాదించేవారు. లగడపాటి రాజగోపాల్ మాట వింటే హోటల్లో సగం మందికి ఒళ్లు మండేది. అయినా వాళ్లు అడిగినదానికి సూటిగా చెప్పిన రోజు ఆ వరుసలో టిక్కు పడేది. తిట్టినవాళ్లు కూడా ఆ టిక్కును కొట్టేయమని అడగలేదు. ఒప్పుకోని మనిషికి మార్కులు వేయగలగడం చిన్న సంగతి కాదు. ఊరంతా రోడ్డు మీద ఉన్న కాలంలో, రోజుకో ఆత్మబలిదానం వార్త వింటున్న కాలంలో వాళ్లు ఆ పని చేశారు.

ప్రొఫెసర్ జయశంకర్ సారు గొంతు పెంచకపోయేది. 2011 జూన్ 21న ఆయన పోయారు. అప్పటిదాకా తెరమీద ఆయన గడి వస్తే చాయ్ గ్లాసుల చప్పుడు కూడా తగ్గేది. మంచిర్యాల బిడ్డ, జేఏసీ నాయకుడు కోదండరాం మొదట్లో మా వాళ్లకు అంత పట్టలేదు. నింపాదిగా, వాక్యం ముగించి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టే మనిషి ఆయన. ఆ సందులో ఎదుటివాడు దూరిపోయేవాడు. "సారు ఓడిపోతుండు" అని కుర్రాళ్లు కలవరపడేవాళ్లు. కొన్ని నెలలు చూశాక అదే కుర్రాళ్లు, మధ్యలో దూరినాయన దూరి ఏం చెప్పాడని ఆరా తీయడం నేర్చుకున్నారు. కరీంనగర్ జిల్లా నుంచే వెళ్లిన ఘంటా చక్రపాణి అప్పట్లో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో సోషియాలజీ ప్రొఫెసర్. పాఠం చెప్పినట్టు విడమర్చి చెప్పే ఆయన తీరుకు లెక్కల సారు పుస్తకంలో 'కాగితం' వరుస ఎప్పుడూ నిండుగా ఉండేది.

జిల్లా నుంచి లైవ్‌లో కలిసే నాయకుల సంగతి వేరు. కలెక్టరేట్ ముందరో తెలంగాణ చౌక్‌లోనో ఓబీ వ్యాన్, చెవిలో ఇయర్‌ఫోన్, మొహాన లైటు, వెనక చేతులూపే పిల్లలు. హైదరాబాద్ స్టూడియోలో అడిగిన ప్రశ్న ఉపగ్రహానికి ఎక్కి దిగి ఈయన చెవిలో పడాలి. ఈయన జవాబు మళ్లీ అంత దూరం తిరిగి పోవాలి. ఆ సందులో జిల్లా మనిషి నోరు తెరిచి నిలబడ్డట్టు, జవాబు తోచక బిత్తరపోయినట్టు కనిపించేవాడు. పాపం, మాట మొదలుపెట్టేసరికి స్టూడియోలో కూర్చున్నాయన రెండో మాట అందుకునేవాడు. ఇద్దరి గొంతులూ కలిసిపోయేవి, యాంకర్ జిల్లా గడి తీసేసేవాడు. కేబుల్ వైర్లు లాగే కుర్రాడొకడు ఈ సంగతి బెంచీల మీదివాళ్లకు వివరించాక సారు ఒక నియమం పెట్టారు: జిల్లా లైన్‌లో ఉన్నాయన మొదటి తడబాటు లెక్కలోకి రాదు. హైదరాబాద్ పత్రికల్లో ఏ కాలమ్ రచయితా అంత న్యాయంగా ఆలోచించగా నేను చదవలేదు.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి లాంటి బొగ్గు గనుల ఊళ్ల హోటళ్లలో మామూలు రోజుల్లో షిఫ్టు దిగినవాళ్లే కనిపిస్తారు. సమ్మెలో బాయి బంద్ కాబట్టి మూడు షిఫ్టులవాళ్లూ ఒక్కచోటే. బొగ్గు ఆగి రాష్ట్రమంతా కరెంటు కోతలు పెరిగాయి. టీవీలో చర్చ కూడా దాని మీదే. తమ గురించి మాట్లాడుతున్నవాళ్లను తాము చూస్తూ కూర్చున్నారు కార్మికులు. ఆ ఏడు దసరా అక్టోబర్ 6న వచ్చింది, చేతిలో జీతం లేకుండా. స్టూడియోలో వీరావేశంగా సమ్మె సాగాలన్నవాళ్లకు అక్కడ చప్పట్లు పడలేదు. సమ్మె కాలపు జీతం సంగతి యాంకర్ అడిగినప్పుడు దాటేశాడా, లెక్క చెప్పాడా అన్నదొక్కటే చూశారు. దాటేసినాయన పేరు ఎత్తితే ఒక ఓవర్‌మ్యాన్ "గాయన మాట నాకు సెప్పకు" అని లేచిపోవడం నేను చూశాను. సమ్మె మాత్రం ఆ ఓవర్‌మ్యాన్ వదల్లేదు.

ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు పోతే ఇంకో మాట వినిపించేది. 1981 ఏప్రిల్ 20న గోండులు తుపాకీ గుండ్లకు నేలకొరిగిన చోటు ఇంద్రవెల్లి. అక్కడి బస్టాండు దగ్గర ఒక గోండు పెద్దాయన టీవీని చాలాసేపు చూసి, "గిన్ని డబ్బాలున్నయి గదా, అండ్ల మావోడు ఏడి?" అని అడిగాడు. అన్ని ఏండ్ల చర్చల్లో ఆ గడి నిండిన రాత్రులు నాకు గుర్తున్నంతవరకు చాలా తక్కువ. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు.

హోటల్లో ఆడవాళ్లు కూర్చోరు. వాళ్ల తీర్పు ఇంట్లో జరిగేది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కున బీడీలు చేయని ఇల్లు అరుదు. మా అమ్మ కూడా బీడీలు చేసేది. ముందర చాట, దాంట్లో తంబాకు, తడిబట్టలో చుట్టిన తునికాకు, కత్తెర. ఆకును కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, కొస మడవాలి, దారం కట్టాలి. సాయంత్రానికి వెయ్యి పూర్తి కావాలి, కార్ఖానలో అప్పజెప్పాలి. చేతులు ఆ పనిలో ఉంటే కండ్లు చాట దాటి పైకి లేవవు. టీవీ నడుస్తూ ఉంటుంది, వాళ్లు వింటూ ఉంటారు. చర్చను వాళ్లు చెవులతో చూశారు. ఎవరి అంగీ తెల్లగా ఉంది, ఎవరు వేలు చూపించి బెదిరించారు, ఎవరి మొహం ఎర్రబడింది, ఇవేవీ వాళ్ల లెక్కలోకి రాలేదు.

1960 సెప్టెంబర్‌లో అమెరికాలో అధ్యక్ష అభ్యర్థులు కెనడీ, నిక్సన్ మొదటిసారి టీవీలో తలపడ్డప్పుడు చూసినవాళ్లకు కెనడీ నచ్చాడని, రేడియోలో విన్నవాళ్లకు నిక్సన్ మేలనిపించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పరిశోధకుల్లో కొందరు దాన్ని ఒప్పుకోరు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మా ఇంటికీ మా హోటల్‌కూ మధ్య ఆ తేడా నేను ఎన్నోసార్లు చూశాను. హోటల్లో గెలిచాడన్న మనిషిని అమ్మ ఒక్క మాటతో తీసేసేది. "అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి బిడ్డా." పక్కింటి వదినె ఇంకో అడుగు ముందుకేసేది: "ఆయన రెండోసారి అదే మాట చెప్పిండు, గొంతు మారింది. ఎవలో రాసిచ్చిండ్రు." నేను చెప్తే సారు ఆ మాట తన పుస్తకం అంచున రాసుకున్నారు.

2011 జనవరి 6న శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటపెట్టిన రాత్రి ఈ రెండు తీర్పులూ ఒక్కటయ్యాయి. ఆరు ప్రత్యామ్నాయాలు చెప్పి, రాష్ట్రాన్ని కలిపి ఉంచి తెలంగాణకు ప్రాంతీయ మండలి ఇవ్వాలన్న ఆరోదాన్ని మేలన్నది కమిటీ. అన్ని గడుల్లోనూ అరుపులే. "మీ పార్టీకి ఆరిట్ల ఏది సమ్మతం?" అని యాంకర్ అడుగుతూనే ఉన్నాడు, ఒక్కరు నంబరు చెప్పలేదు. హోటల్లో సారు పుస్తకం మూశారు. ఇంటికి వస్తే అమ్మ టీవీ కట్టేసి బీడీలు కట్టలు కడుతోంది.

ఇట్లా కూర్చుని తీర్పు చెప్పే అలవాటు ఒక్కరోజులో పోలేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు ఓటింగుకు వచ్చిన వేళకు సభ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. నాలుగేండ్లకు పైగా టీవీ ముందు కూర్చున్న జనం ఆ ఘడియను చూడలేకపోయారు. ఫోన్ల మీద విన్నారు. జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అదే జూన్ నడిమిట్ల కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆపేశారు. కారణాలు ఎవరు ఏమైనా చెప్పనీ, గిట్టని గొంతును కూడా కూర్చుని విని మార్కులు వేసిన ఊళ్లలో ఆ గొంతు వినిపించకుండా చేయడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

అంతకంటే పెద్ద మార్పు బెంచీల మీద వచ్చింది. ఉద్యమంలో ఒకే పక్షాన కూర్చున్నవాళ్లు రాష్ట్రం వచ్చాక ఎదురెదురు గడుల్లోకి వచ్చారు. కోదండరాం ఒక దిక్కు, అప్పటిదాకా ఆయనతో నడిచినవాళ్లు ఇంకో దిక్కు. అప్పట్లో అవతలివాడికి టిక్కు పెడితే అది పెద్దమనసు. ఇప్పుడు ఎవరికి టిక్కు పెట్టినా అది పార్టీ. పక్క బెంచీలో కూర్చున్నవాడు రేపు కాంట్రాక్టు బిల్లు ఆపగలడు, పింఛను జాబితాలోంచి పేరు తీయించగలడు. మనసులో మాట జనం లోపలే దాచుకున్నారు. సారు పుస్తకం తేవడం మానేశారు. తర్వాత హోటల్‌కు రావడమూ తగ్గింది.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. అక్టోబర్ 11న కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలయ్యాయి. ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోకి, ఎవరి జిల్లా వాళ్ల ఊరి దగ్గరికి వచ్చింది. డబ్బా టీవీని పాతసామానుకు అమ్మేశానని సేటు చెప్పాడు. 2021 ఫిబ్రవరిలో ఒక ఛానల్ చర్చలో ప్యానలిస్టు ఒకరు ఒక పార్టీ నాయకుణ్ని చెప్పుతో కొట్టారు. ఆ ముక్క మా దిక్కు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరిగింది. అసలు అంతకుముందు ఏం అడిగారు, ఏం చెప్పారు అన్నది నాకు తెలిసినవాళ్లలో ఒక్కరికీ తెలియదు.

అమ్మ బీడీలు మానేసింది. చేతులు ఖాళీ కాబట్టి ఇప్పుడు తెర చూస్తుంది, మనవడు ఫోన్‌లో చూపిస్తే. నాయకుడు వేలు చూపించి ఒక్క మాట అంటాడు, కింద పెద్ద అక్షరాలు, వెనక సినిమా సంగీతం, అర నిమిషంలో అయిపోతుంది. "గీయన గిది దేనికి జవాబు చెప్పిండు బిడ్డా?" అని అడుగుతుంది. వాడు వెనక్కి జరిపి చూస్తాడు. ప్రశ్న ఉన్న భాగాన్ని ముందే కోసేసి పంపారు.