గొట్టం, గుండు, మధ్యలో సందు

జూలై 2

పొద్దున్నే కృష్ణానగర్ నుంచి ఆర్ట్ అసిస్టెంట్ కుర్రాడు షెడ్డుకొచ్చాడు. తుర్రేబాజ్ ఖాన్ మీద సిరీస్ తీస్తున్నారట. 1857 జూలై 17న హైదరాబాద్ కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి, ఆ రాత్రంతా కాల్పులు, చివరికి 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర ఖాన్ చావు. ముప్పై డమ్మీ తుపాకులు కావాలట.

"అన్నా, 1857 అంటే ఎన్‌ఫీల్డే గదా. ఒక్క అచ్చు తీసి ముప్పై పోసెయ్, అయిపోతది."

ఫైబర్ పోత అయితే నిజమే, వారంలో అయిపోతుంది. కానీ ఖాన్ వెంట రెసిడెన్సీ మీదికి వెళ్ళిన రొహిల్లాలకి ఎన్‌ఫీల్డ్ ఇచ్చిందెవరు? కంపెనీవాడు ఇవ్వడు కదా. నా లెక్కలో వాళ్ళ భుజాల మీద ఉన్నవి సొంత తుపాకులు, ఎక్కువపాళ్ళు ఒత్తి తుపాకులు. తాతవొకటి, తాకట్టులో దొరికినదొకటి. వాటిలో ఏ రెండూ ఒక కొలతలో ఉండవు. ముప్పై మంది చేతిలో ముప్పై ఒకే అచ్చువి పెడితే అది తిరుగుబాటులా ఉండదు, పరేడ్‌లా ఉంటుంది.

అదే చెప్పాను. కుర్రాడు తలగోక్కుని "డైరెక్టర్ సార్‌ను అడుగుత" అని వెళ్ళిపోయాడు.

జూలై 4

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది. జనం కత్తుల ముందు ఆగుతారు, తుపాకుల్ని దాటి వెళ్ళిపోతారు. నాకు కావలసింది తుపాకుల మూతులు. ఒకదాని మూతిలో చిటికెన వేలు ఇరుకుతుంది, పక్కదాంట్లో బొటన వేలు దిగేలా ఉంది. అద్దం అడ్డం కాబట్టి కంటి కొలతే.

ఎందుకింత తేడా అంటే, ఇనపరేకుని కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి, సమ్మెటతో అతికి గొట్టం చేసేవాళ్ళు. ఆ తర్వాత లోపలంతా బరమా పెట్టి తొలిచి నున్నగా చేయడం. చేత్తో తొలిచిన గొట్టం ఎంత పలకాలో అంత పలుకుతుంది. అందుకని తుపాకి అయ్యాక దాని కొలతకి గుండు అచ్చు చేసేవాళ్ళు. అచ్చు పోతే గుండు లేదు, గుండు లేకపోతే తుపాకి కర్రతో సమానం. పక్కవాడి గుండ్లు అరువడిగితే మనదాంట్లో దిగకపోవచ్చు, దిగినా గలగలలాడవచ్చు. పది మంది కలిసి యుద్ధానికి వెళ్ళినా ఎవరి గుండ్ల సంచి వాళ్ళదే.

కంపెనీ సైన్యం దీన్ని ఇంకోలా తెంచింది. వాళ్ళ బ్రౌన్ బెస్ తుపాకి గొట్టం ముప్పాతిక అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. గుండు మాత్రం .69 అంగుళం, పదిహేడున్నర. మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ కావాలనే వదిలారు. గొట్టం కొంచెం అటూ ఇటూ అయినా, మసి పేరుకున్నా గుండు జారిపోవాలి. బాగా అలవాటైన సిపాయి నిమిషానికి మూడుసార్లు కాల్చేవాడట. గురి మాత్రం దేవుడికే ఎరుక. గొట్టంలో గుండు ఆ గోడకీ ఈ గోడకీ కొట్టుకుంటూ బయటికొస్తుంది, ఆఖర్న ఏ గోడకి తగిలిందో దాన్నిబట్టి దాని దారి. వంద గజాలు దాటితే మనిషిని కాదు, గుంపుని కొట్టాలి.

జూలై 6

యూసుఫ్‌గూడ బెటాలియన్‌లో ఆర్మరర్‌గా చేసి రిటైరైన బాబాయ్ వచ్చాడు. మా లైన్లోనే ఇల్లు. టీ తాగుతూ నా దగ్గరున్న గొట్టాలు తిప్పి చూశాడు. బాలానగర్‌లో తెచ్చిన జీఐ పైపు ముక్కలవి.

"ఇవి గుండ్రం కాదురా" అన్నాడు. వెర్నియర్ పెట్టి ఒకసారి నిలువున కొలిచాడు, ఇంకోసారి అడ్డంగా. 18.9, 19.2. తర్వాత టార్చి వేసి లోపలికి చూపించాడు: పైపు పొడుగునా సన్నటి గట్టు. అతుకు పడినచోట లోపలికి పొంగిన వెల్డింగు గీత. "నీ గుండు ఇక్కడే తట్టుకుంటుంది. ఒక కొలతతో పని కాదు, గేజి కావాలి. దిగాల్సిన బిళ్ళ ఒకటి, దిగకూడని బిళ్ళ ఒకటి. రెండూ చెప్పిన మాట వింటేనే గొట్టం పాస్."

ఊళ్ళో పంట కాపలాకి మందు తుపాకి లైసెన్సు గురించి కూడా మాట్లాడాడు. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపుదలకి మూతి నుంచి కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వడం ఇంకా ఉంది. 12 బోరు అంటే ఏమిటో చాలామంది లైసెన్సుదారులకే తెలియదని నవ్వాడు. పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు పోస్తే అందులో ఒకటి పట్టే గొట్టం. పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. లెక్కల మాస్టారుకి చెప్పినా ఒక క్షణం ఆగుతాడు.

జూలై 9

డైరెక్టర్ ఫోన్. రొహిల్లాల చేతుల్లో ఒత్తి తుపాకులకి ఒప్పుకున్నాడు. కానీ ఫ్లాష్‌బ్యాక్‌లో కొవ్వు తూటా సీను ఉంది, దానికి ఎన్‌ఫీల్డ్ కావాల్సిందే. "ఆవు కొవ్వు, పంది కొవ్వు, అంతే కదా సర్, ఆ ఎమోషన్ చాలు" అన్నాడు.

చాలదు. అసలు కొవ్వు ఎందుకు రాశారో ఎవరూ అడగరు. స్కూలు పుస్తకంలో కూడా పంటితో కొరకడం దగ్గరే ఆగిపోతాం.

ఎన్‌ఫీల్డ్ గొట్టం .577 అంగుళం, లోపల మూడు గాడులు మెలితిరిగి ఉంటాయి. గాడులు గుండుని పట్టుకుని తిప్పాలంటే గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతి నుంచి దిగదు. ఈ తగువు తీర్చడానికి అడుగున బోలుగా ఉండే కోసుగుండు తెచ్చారు. వదులుగా దిగుతుంది, మందు పేలగానే అడుగు విచ్చుకుని గాడుల్ని పట్టుకుంటుంది. గురిచట్టం 900 గజాల దాకా గీశారు. బ్రౌన్ బెస్ వంద గజాలతో పోల్చుకుంటే ఇక చెప్పేదేముంది.

కానీ నల్ల మందు మొత్తం పొగైపోదు. బరువులో సగానికి పైగా మసిగా, ఉప్పుగా మారుతుంది, అందులో కొంత గొట్టంలోనే మిగులుతుంది. నాలుగు తూటాలు కాల్చేసరికి లోపల ఇరుకు. అందుకే గుండుని చుట్టిన కాగితానికి బయట కొవ్వు పూత. ఆ కాగితంతో సహా గుండు గొట్టంలోకి దిగుతుంది. మసిని మెత్తబరచాలి, జారాలి, సందు మూయాలి, మూడు పనులూ ఆ పూతవే. వదులు గుండు బ్రౌన్ బెస్‌కి ఆ అవసరం ఉండేది కాదు. సిపాయి నోటి దగ్గరికి కొవ్వు తెచ్చింది బిగుతు.

తమాషా ఏమిటంటే తెల్ల సైనికుడికీ సుఖం లేదు. మన ఎండల్లో మసి రాయిలా గట్టిపడి, కొవ్వు కరిగి కాగితంలోకి ఇంకిపోయి, .568 గుండు దిగేది కాదు. గుండు కూరే గజాన్ని బలంగా కొట్టాల్సి వచ్చేది. కొన్నాళ్ళకి గుండునే .550కి తగ్గించారు, పూతలో తేనెమైనం పాలు పెంచారు. ఆ పని ముందే చేసి ఉంటే చరిత్ర మారేదా అంటే నేను నమ్మను. తిరగబడ్డానికి సిపాయికి వేరే కారణాలు బోలెడున్నాయి. కానీ అగ్గిపుల్ల ఇదే.

ఇంకా ముచ్చట: తిరుగుబాటు అణిగాక మన సిపాయిలకి అదే ఎన్‌ఫీల్డ్ రూపంలో గాడులు లేని తుపాకి ఇచ్చారు. పైకి చూస్తే అదే తుపాకి, గొట్టం మాత్రం .656కి తొలిచేశారు. గాడులు పోయాయి, గురి పోయింది. గోడ పలచబడిన గొట్టాలు సొట్టపడుతుంటే తర్వాత మందం పెంచి చేశారు. సిపాయిని ఎంతవరకు నమ్మాలో బరమాతో తేల్చారు. ఇది డైరెక్టర్‌కి చెప్తే "సూపర్ సర్, కానీ స్క్రీన్ మీద కనపడదు" అన్నాడు. మూతి వైపు నుంచి క్లోజప్ పెడితే ఎందుకు కనపడదు!

జూలై 12

షెడ్డులో రిహార్సల్. సిపాయి వేషం కుర్రాడు ఒక చిన్న సినిమాలో రెండో హీరో. తూటా కాగితం చుట్టలు నేనే చేశాను, లోపల మందు బదులు నల్ల రంగు పట్టించిన బొంబాయి రవ్వ. పంటితో కొరికితే గొంతుకి ఏమీ కాదు. గుండ్లు నైలాన్ కడ్డీని లేత్ మీద తిప్పినవి, పైన సీసం రంగు. సీసం వాడను, కుర్రాళ్ళు నోట్లో పెట్టుకుంటారు.

మొదట కుర్రాడు గుండు వేసి గజంతో చుట్టపు చూపుగా ఒక్కసారి తోసి తీసేశాడు. ఆపాను. బ్రౌన్ బెస్ ఇచ్చి గుండు వదలమన్నాను. టక్కున అడుగుకి దిగిపోయింది. ఆ తర్వాత ఎన్‌ఫీల్డ్ డమ్మీ. లోపల సన్నటి రబ్బరు పొర అతికించాను కాబట్టి గుండు సగంలో ఆగింది. ఒక చేత్తో దిగలేదు. రెండు చేతులా పట్టి, మునివేళ్ళ మీద లేచి నొక్కాడు. మెడ నరం పొంగింది. ఇదే కావాలి. "తొందరలో శత్రువు మీదికి వస్తుంటే ఇది దిగకపోతే?" అన్నాను. ఆ మాటతో వాడి కళ్ళు మారాయి. ఆ తర్వాత నేను చెప్పాల్సింది లేదు.

ఒత్తి తుపాకుల్లో ఎనిమిది గొట్టాలు వేరువేరు కొలతలవి, వాటికి వేరువేరు గుండ్లు, తోలు సంచులు. ముందు వరసలో ఉండేవి అవే. వెనక ఇరవై రెండూ ఒకే పోత, ఎవరూ చూడరు.

జూలై 14

ప్రొడక్షన్ మేనేజర్ బిల్లు పట్టుకుని వచ్చాడు. ఎనిమిది రకాల గుండ్లకి లేత్ కూలీ ఎందుకు, ఒకే సైజు గుండ్లు అన్నిటికీ పట్టవా అని. పడతాయి, చిన్నవి చేస్తే అన్నిట్లోనూ పడతాయి అన్నాను. "మరి?" అన్నాడు. బల్ల మీదున్న ఎనిమిదిలో అన్నిటికన్నా సన్న గొట్టం గుండు తీసి అన్నిటికన్నా లావు గొట్టంలో వేశాను. కిందికి వంచగానే గుండు దొర్లుకుంటూ ఆయన బూటు మీద పడింది. ఖాన్ డాబా మీద నుంచి కిందికి గురిపెట్టే షాట్ బుధవారం ఉంది మరి.

సంతకం పెట్టాడు, తోలు సంచుల డబ్బు మాత్రం సగం కోశాడు.