మిష్రిఫ్ వంటింట్లో బియ్యప్పిండి రొట్టె

కువైట్ నగరానికి దక్షిణాన, హవల్లీ గవర్నరేట్‌లో మిష్రిఫ్ అనే పేట ఉంది. మీరు అక్కడికి వెళ్తే ముందుగా కనిపించేవి పెద్ద ఇళ్ళు, ఎత్తైన గోడలు. వేసవి మధ్యాహ్నం వీధిలో నడిచే మనిషి కనపడడం కష్టం. ఇక్కడి ఎగ్జిబిషన్ మైదానం కువైట్‌లో అందరికీ తెలుసు. 2021లో కరోనా టీకా కోసం ఎంతోమంది అక్కడికే వచ్చారు. సరుకులకు సహకార దుకాణం ఉంది. దాన్ని 'జమియా' అంటారు.

ఈ పేటలో తెలుగు వినాలంటే మీరు వీధిలో వెతకకండి. తెలుగు గోడల వెనక, వంటిళ్ళలో ఉంది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి చాలామంది ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వస్తారు. ఇంటి యజమానిని 'బాబా' అనీ, యజమానురాలిని 'మామా' అనీ పిలుస్తారు. మన భాషలో మామ అంటే అమ్మకు అన్నో తమ్ముడో. ఇక్కడ 'మామా' అంటే అమ్మ!

ఇంటివాళ్ళు తినే రొట్టె వేరు. తందూరులో కాల్చిన వెడల్పాటి ఇరానీ రొట్టెను వేడివేడిగా కొని తెస్తారు. రొట్టెను అరబ్బీలో 'ఖుబుజ్' అంటారు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి మిష్రిఫ్‌లో వంట చేసే ఒక అక్క, తన కోసం మాత్రం కారం వేసిన బియ్యప్పిండి రొట్టె చేసుకుంటుంది. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

రెండు గ్లాసుల బియ్యప్పిండికి రెండు గ్లాసుల నీళ్ళు తీసుకోండి. నీళ్ళలో ఉప్పు, ఒక చెంచా నూనె వేసి పొయ్యి మీద పెట్టండి. "నీళ్ళు బాగా మరగల్ల. అప్పుడే పిండి పొయ్యల్ల" అంటుంది అక్క. పుస్తకాల్లో మీరు చదివే 'మరగాలి, పొయ్యాలి' అన్న మాటలనే కడప వైపు ఇలా పలుకుతారు. పిండి పోసి, కలిపి, పొయ్యి ఆపి, మూత పెట్టండి. పది నిమిషాలు ఆగండి.

వేడినీళ్ళు ఎందుకు? గోధుమపిండిలో సాగే జిగురు ఉంటుంది. బియ్యప్పిండిలో అది లేదు. చన్నీళ్ళతో కలిపితే రొట్టె అంచులు పగిలిపోతాయి. మరిగే నీళ్ళు పడితే పిండి కొంచెం ఉడికి, ముద్ద విడిపోకుండా ఉంటుంది.

ఇప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, గుప్పెడు నువ్వులు వెయ్యండి. చేతికి తడి చేసుకుని, వేడి ఉండగానే పిసకండి. నారింజపండంత ముద్ద తీసుకుని, తడిగుడ్డ మీద పెట్టి, వేళ్ళతో గుండ్రంగా తట్టండి. గుడ్డతో సహా ఎత్తి పెనం మీద బోర్లించి, గుడ్డ మెల్లగా తీసెయ్యండి. చుట్టూ నూనె వేసి, రెండు వైపులా ఎర్రగా కాల్చండి. పెరుగుతోనో పల్లీల చట్నీతోనో తినండి.

మన మారిషస్‌లో ధోల్‌పురి చేసేటప్పుడు పిండిని కర్రతో ఒత్తుతాం. ఈ రొట్టెను తడతాం. 'తట్టు' అన్న మాట గుర్తుపెట్టుకోండి. తలుపు తడతాం. పాపను నిద్రపుచ్చడానికి వీపు తడతాం. రొట్టె కూడా తడతాం. మూడింటికీ ఒకటే మాట, ఒకటే చెయ్యి.

కువైట్ వంటింటి సంగతి మన పత్రికలో ఎందుకు అని మీరు అడగవచ్చు. మన ముత్తాతలు కూడా ఒప్పందం చేసుకుని ఓడ ఎక్కారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో వాళ్ళను 'కొరంగీలు' అన్నారు. ఒప్పందం ప్రకారం జీతంతో పాటు బియ్యం, పప్పు, ఉప్పు కొలిచి ఇచ్చేవాళ్ళు. వలస కూలీల బాగోగులు చూడడానికి 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే అధికారి ఉండేవాడు. ఆ పదవి నేటికీ ఉంది. 1983 నాటి భారత వలస చట్టం కింద, కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే మహిళలకు అనుమతి ఇచ్చేది ఆ పేరున్న కార్యాలయమే.

రెండూ ఒకటే అని నేను అనను. అక్క చేతిలో ఫోన్ ఉంది. రోజూ రాత్రి కూతురి ముఖం చూసి మాట్లాడుతుంది. మన ముత్తవ్వలకు ఆ భాగ్యం లేదు. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు ఇవ్వాలి అని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. అయినా వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. కాగితం మీది సెలవు ప్రతి వంటింటికీ చేరదు.

అక్కకు శుక్రవారం సెలవు. కువైట్ నగరంలో తెలుగువాళ్ళు కలుసుకునే మాలియాకు బస్సులో వెళ్తుంది. సంచిలో ఆరు రొట్టెలు ఉంటాయి. "ఒకటి నాకు, మిగిలినవి సెలవు దొరకనోళ్ళకి. వాళ్ళ ఇండ్ల పక్కనుండే వచ్చినోళ్ళ చేతికిచ్చి పంపిస్తా" అంటుంది.

ఈ వారం మీరు రొట్టె తట్టినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. ముద్ద, పెనం, తడిగుడ్డ, తట్టు, కాల్చు అన్న మాటల్లో వాళ్ళకు ఎన్ని గుర్తున్నాయో అడగండి. వాళ్ళు ఇంకో మాట చెబితే అది కూడా రాసి పెట్టుకోండి.